వాయిదా జెండా

తెరచాప పడవల పందెం పరుగు పందెంలాంటిది కాదు. గీత దగ్గర నిలబెట్టి 'ఒకటి, రెండు, మూడు' అంటే కుదరదు, ఎందుకంటే నీళ్ళ మీద పడవని నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని అయిదు నిమిషాల ముందునుంచే పడవలకి కబురు పెట్టాలి. ఆ కబురు జెండాలతో పెడతారు. అయిదు నిమిషాలుందనగా ఒక జెండా పైకి వెళ్తుంది. నాలుగుందనగా దాని పక్కన ఇంకొకటి. ఒక్క నిమిషముందనగా రెండోది కిందికి దిగుతుంది. మొదటిది కూడా దిగిన క్షణాన పందెం మొదలు. జెండా కదిలిన ప్రతిసారీ ఒక బూర మోగుతుంది కానీ, అది 'ఇటు చూడండర్రా' అని పిలవడానికే. బూర మోగకపోయినా ఫరవాలేదు, జెండా చెప్పిందే చెల్లుతుంది. నిబంధనల పుస్తకంలో ఈ మాట నల్లటి అక్షరాల్లో అచ్చయి ఉంది. ఈ కథ జరిగిన పడవల క్లబ్బులో ఆ పుస్తకం చదివినవాళ్ళు ఇద్దరే. ఒకరు జెండాయన. రెండో మనిషి కథలోకి రావడానికి ఇంకా కాస్త టైముంది.

జెండాయన ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం సరస్సు మధ్య లంగరు వేసిన అధికారుల పడవెక్కి, స్తంభం పక్కన నిలబడి జెండాలు ఎత్తుతూ దించుతూ వచ్చాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆయన పెట్టెలో పదకొండు జెండాలుండేవి, అన్నీ ఇస్త్రీ మడతలే. క్లబ్బు కొన్నవి ఎండకి వెలిసి పాత తువ్వాళ్ళలా తయారైతే ఆయన భార్యే కుట్టుమిషను మీద కొత్తవి కుట్టింది. ఒక్కోదానికీ ఆయన పెట్టుకున్న పేరుంది. తెలుపు మీద నీలం కూడిక గుర్తున్నది 'వెనక్కి రా', గీత ముందే దాటిన తొందరగాడి కోసం. నీలం తెలుపు గళ్ళది 'రద్దు'. ఎరుపు తెలుపు నిలువు చారలది 'వాయిదా'.

ఇంత చేసినా, ఆ రెండో మనిషి తప్ప, ఆ జెండాల వంక తలెత్తి చూసే నాథుడు లేడు. అందరూ బూర విని పడవలు నడిపేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం కదా, ఇక్కడ చెవులు దివ్యంగా పనిచేసేవాళ్ళ ముందు జెండా ఎత్తడమన్నమాట. పాపం, ఈ సంగతి జెండాయనకి తెలియదు. ఒక చేత్తో తాడు లాగి రెండో చేత్తో బూర నొక్కేది ఆయనే. రెండూ ఒకే క్షణంలో జరిగేవి. వాళ్ళు దేన్ని నమ్ముకున్నారో ఎవరికి తెలుస్తుంది? తన జెండా దిగితే పడవలు ఒక్కసారి కదలడం చూసి ఆయన మీసం లోపల నవ్వుకునేవాడు.

అలా ఉండగా క్లబ్బుకి యంత్రం వచ్చింది.

తెచ్చింది అధ్యక్షుడు. ఆయనది పరుపుల వ్యాపారం. ఆయన షాపులో పరుపు మీద పడుకుని చూసి మరీ కొనుక్కోవచ్చు, క్లబ్బులో మాత్రం ఆయన చెప్పింది చూడకుండా ఒప్పుకోవాలి. ఆ యంత్రం చిన్న ఇనప పెట్టె. దాని మీద ఎర్ర బటను. ఒక్కసారి నొక్కితే అయిదు నిమిషాల్లో మోగాల్సిన మోతలన్నీ తనంతట తనే మోగిస్తుంది.

"మనిషితో పనిలేదు," అన్నాడు అధ్యక్షుడు కమిటీ మీటింగులో, బటను మీద వేలు పెట్టి. "తుమ్మదు, దగ్గదు, సెలవడగదు."

"మరి జెండాలండీ?" అన్నాడు కార్యదర్శి.

"పండగ తోరణంలాగా అందంగా ఉంటాయి, ఉండనివ్వండి. కప్పు పందెం నాడు యంత్రాన్ని పరీక్షిద్దాం. సరిగ్గా మోగితే ఆ జెండాల మనిషికి శాలువా కప్పి పంపించేద్దాం."

కార్యదర్శి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆ జెండాల మనిషి ఆయనకి స్వయానా తోడల్లుడు. జెండాయన భార్య చెల్లెల్నే ఈయన చేసుకున్నాడు. దస్తావేజులు రాయడం వృత్తి కనక ఎవరికీ నొప్పి తగలకుండా వాక్యం కట్టడం ఆయనకి తెలుసు. "యంత్రం ప్రవేశపెట్టడమైనది, తదనుగుణంగా మార్పులు చేపట్టడమైనది" అని మినిట్స్‌లో రాసుకున్నాడు. ఎవరు ఎవరికి ఏం చేశారో ఆ వాక్యాన్ని చిత్రహింస పెట్టినా చెప్పదు.

ఆ సాయంత్రమే వచ్చి తోడల్లుడికి ఆ మాట చెప్పాడు. కుర్చీ చివర కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగకుండా, "అన్నయ్యా, మీరేం అనుకోకండి" అని మొదలుపెట్టాడు. అలా మొదలైన మాట ఎవరికైనా మంచి చేసిన దాఖలా లేదు.

జెండాయన అంతా విన్నాడు. ఆయనకి అర్థమైంది ఒక్కటే. కప్పు పందెం ఆయనకి ఆఖరిది కావచ్చు.

"యంత్రం మోగుతుంది సరే," అన్నాడు చివరికి. "చూస్తుందా?"

"ఏం చూడాలి అన్నయ్యా?"

ఆయన కుట్టడం అయిన జెండా ఒకటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. మిషను మీద పని ఆపి, మరిది వైపు తిరిగి, "మా చెల్లెలు అప్పుడే చెప్పింది, మీరు ఇంట్లో పులి, బయట పిల్లి అని" అంది. మరిది ఆ కాఫీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

కప్పు పందెం రోజు గాలి బాగుంది. ఒడ్డున కుర్చీలు, మైకు, బల్ల మీద తళతళలాడే కప్పు. అధికారుల పడవలో ఇద్దరే: స్తంభం పక్కన జెండాయన, యంత్రం పక్కన కార్యదర్శి. ఎవరూ చెయ్యి పెట్టి చెడగొట్టకుండా అధ్యక్షుడు యంత్రాన్ని అద్దాల డబ్బాలో పెట్టి తాళం వేయించాడు. ఎర్ర బటనుకి మాత్రం వేలు పట్టేంత కంత ఉంది. తాళంచెవి అధ్యక్షుడి జేబులో ఉంది, అధ్యక్షుడు పందెంలో ఉన్నాడు. పాత బూరని ముందురోజే స్టోర్‌రూములో పడేశారు.

కార్యదర్శి బటను నొక్కాడు. యంత్రం భోంయ్ మంది. జెండాయన మొదటి జెండా ఎత్తాడు. నిమిషం తర్వాత మళ్ళీ భోంయ్. రెండో జెండా ఎత్తాడు. పదిహేను పడవలు గీత వెనకాల తూనీగల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి. గీతంటే నీళ్ళ మీద గీసేది కాదు. ఇటు కొస అధికారుల పడవ స్తంభం, అటు కొస లంగరు వేసి నీళ్ళ మీద తేల్చిన నారింజ రంగు బోయా, ఈ రెంటికీ మధ్య మనసులో లాక్కోవాల్సిన తాడు.

రెండున్నర నిమిషాలు ఉందనగా జెండాయన బోయా వంక చూశాడు. అది వెళ్ళిపోతోంది. లంగరు తాడు తెగి, తనకీ ఈ పందేనికీ సంబంధం లేనట్టు, హాయిగా గాలివాటున తేలిపోతోంది. ఒక కొస లేని గీత మీద పందెం ఎలా మొదలుపెడతారు?

ఆయన రెండు జెండాలూ దించేసి, ఎరుపు తెలుపు చారలది సర్రున పైకి లాగాడు. వాయిదా! దానికి రెండు మోతలుండాలి. బూర లేదు. తన టిఫిన్ డబ్బా మూత తీసి స్తంభానికేసి టంగు టంగు మని రెండుసార్లు కొట్టాడు.

"ఏం చేస్తున్నారన్నయ్యా?" అన్నాడు కార్యదర్శి బెదిరిపోయి.

"బోయా పోయింది. వాయిదా వేశాను. నువ్వా యంత్రాన్ని ఆపు."

కార్యదర్శి కంతలోంచి బటను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. డబ్బాని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. "ఎలా ఆపాలో దీని మీద రాయలేదు," అన్నాడు ఏడుపు గొంతుతో.

యంత్రానికి బోయా పోయిందని తెలియదు. ఒక నిమిషముందనగా అది పొడుగ్గా కూసింది. సరిగ్గా నిమిషానికి మళ్ళీ కూసింది. అంతే! నెత్తిన వాయిదా జెండా రెపరెపలాడుతుండగా, పధ్నాలుగు పడవలు లేని గీతని దాటుకుని దూసుకుపోయాయి. అందరికంటే ముందు అధ్యక్షుడు, పొట్ట పడవ బయటికి వేలాడేసి, "నాకు దారి, నాకు దారి!" అని అరుస్తూ.

జెండాయన పైకి చూశాడు. ఆయన చేతిలో తాడుంది, తాడు చివర జెండా ఉంది, జెండా పైనే ఉంది. ఏదీ తప్పు లేదు. అయినా వెళ్ళిపోయారు.

"చూడలేదేమో," అన్నాడు నెమ్మదిగా.

"దించేయండన్నయ్యా, ఎవరూ చూడలేదు," అన్నాడు కార్యదర్శి. "మీరెత్తినట్టు నేనూ చూడలేదనుకోండి."

కానీ ఒకరు చూశారు. పదిహేనో పడవ తెరచాప వదులు చేసుకుని గీత వెనకాలే నిలబడి ఉంది. అందులో ఉన్నది పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ ప్రతి పందెంలోనూ కడపటి మనిషి. బూర మోగాక జెండా చూసి, జెండా చూశాక గడియారం చూసి, మళ్ళీ జెండా చూసి అప్పుడు కదిలేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అని క్లబ్బులో అందరూ నవ్వుకునేవారు. నిబంధనల పుస్తకం చదివిన రెండో మనిషి ఆవిడే.

ఆవిడ జెండాకేసి చూపించి చెయ్యి ఊపింది. జెండాయన చెయ్యి ఊపాడు. ఒడ్డు నుంచి మోటారు పడవ వచ్చి, బోయాని పట్టుకుని తెచ్చి, కొత్త తాడుతో కట్టింది. అప్పుడాయన వాయిదా జెండా దించాడు. పుస్తకంలో ఉన్నట్టు నిమిషం ఆగాడు. తర్వాత ఒక్క పడవ కోసం, పదిహేను పడవలకి ఎంత శ్రద్ధగా ఎత్తుతాడో అంత శ్రద్ధగా, డబ్బా మూత కొడుతూ అయిదు నిమిషాల తతంగమంతా నడిపించాడు. డాక్టరమ్మ ఒక్కతే గీత దాటి వెళ్ళింది. ఆవిడ చుట్టు తిరిగి వచ్చేసరికి ఒడ్డున ఫొటోలు అయిపోయాయి. కప్పు చంకన పెట్టుకుని అధ్యక్షుడు పరుపుల మీదా పట్టుదల మీదా ఉపన్యాసం ముగిస్తున్నాడు. ఆవిడ తడి బట్టలతోనే ఆఫీసు గదికి వెళ్ళి, ఫిర్యాదు కాగితం అడిగి తీసుకుని, నాలుగు ముక్కలు రాసిచ్చింది. వాయిదా జెండా ఎగురుతుండగా పధ్నాలుగు పడవలు పరిగెత్తాయి కాబట్టి అది పందెం కాదు, షికారు. పందెంలో పాల్గొన్నది తనొక్కతే.

చీకటి పడకముందే కార్యదర్శి మళ్ళీ తోడల్లుడి ఇంట్లో ఉన్నాడు. ఈసారి చేతిలో కాగితం. 'వాయిదా జెండా నా పొరపాటు వల్ల ఎగిరినది' అని ఒకటే వాక్యం, కింద సంతకానికి చోటు.

"ఇది పెడితే కప్పు ఆయన దగ్గరే ఉంటుంది, మీ ఉద్యోగం మీ దగ్గరే ఉంటుంది. అధ్యక్షులవారు మాటిచ్చారు. యంత్రం పక్కనే కుర్చీ వేయిస్తారట," అన్నాడు. "పెట్టకపోతే మాత్రం నేనేం చేయలేనన్నయ్యా. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"ఇందులో మీరెవరు, కప్పా పామా?" అంది వదినగారు. మరిది గోడ మీద క్యాలెండరు చూశాడు.

అతను వెళ్ళాక ఆవిడ భర్త ఎదురుగా కూర్చుంది. "పెట్టేయండి," అంది. "జెండా ఎత్తడం వచ్చినవాడికి దించడం రావాలి. ఆదివారం ఆ పడవ ఎక్కకపోతే మీరేమైపోతారో నాకు తెలుసు. వారమంతా మీరు మంచాన పడినట్టుంటారు, ఆ ఒక్కరోజే మనిషిలా ఉంటారు."

ఆ మాట నిజమే. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్క అబద్ధం. ఒక్క సంతకం. ఆ ఒక్కరోజు తొందరలో చూడకపోయుంటారు, ఇరవై ఆరేళ్ళుగా అందరూ చూసిన జెండాలు ఒక కాగితం ముక్కతో ఎక్కడికి పోతాయిలే అనుకున్నాడు. ఆ రాత్రి బాగానే నిద్రపోయాడు.

విచారణ మర్నాడు సాయంత్రం మీటింగు గదిలో. ముగ్గురు కూర్చోవాలి: కార్యదర్శి, పందెంలో లేని ఇద్దరు సభ్యులు. అధ్యక్షుడు ఫిర్యాదులో ఉన్న మనిషి కనక తీర్పు చెప్పకూడదు. అందుకని ఆ ముగ్గురికీ ఎదురుగా కుర్చీ వేసుకుని, తీర్పు చెప్పేవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాడు. పందెంలో ఉన్న మిగతా పదమూడుమందీ గోడవార నిలబడ్డారు. జెండాయన జేబులో కాగితం ఉంది, కలం కూడా తెచ్చుకున్నాడు.

"నాదొకటే ప్రశ్న," అంది డాక్టరమ్మ. నోరు తెరిపించి నిజం చూడడం అలవాటైన మనిషి. "మీరు బయల్దేరినప్పుడు స్తంభం మీద ఏ జెండా ఉంది?"

"ఉండాల్సిందే ఉంది," అన్నాడు అధ్యక్షుడు.

"ఏ రంగు?"

"అదే... నీలం. రోజూ ఉండేదే."

"పసుపనుకుంటానండీ," అన్నాడు గోడవార నుంచి కళ్ళద్దాల షాపాయన.

"ఆకుపచ్చ," అన్నాడు ఇంకొకాయన ధీమాగా. పెట్టెలో ఆకుపచ్చ జెండానే లేదు.

"ఒక్కమాటండీ," అని మూడో అతను చెయ్యెత్తాడు. అతను పదేళ్ళుగా సభ్యుడు. "జెండాలు ఎక్కడ కడతారు? పడవ మీదా, ఒడ్డునా?"

అందరూ నవ్వారు. జెండాయన నవ్వలేదు. ఆయన ఒక్కొక్కరి మొహం వంకా చూశాడు. ఇన్నాళ్ళూ తను దించిన జెండాకి కదిలాయనుకున్న పడవలివే. ఇస్త్రీ మడతలు, వెలిసిన నీలం మీద భార్య వేసిన రెండో కుట్టు, గాలి లేని రోజున జెండా విప్పారేలా తాడుని విదిలించడం... వీళ్ళలో ఎవరూ ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"అసలు విషయానికి వద్దాం," అన్నాడు అధ్యక్షుడు గడియారం చూసుకుని. "ఆ జెండా పొరపాటు. ఆయనే రాసిస్తాడు. ఏమయ్యా, తెచ్చావా కాగితం?"

జెండాయన లేచాడు. కాగితం తీశాడు. కార్యదర్శి బల్ల మీంచి ఇంకు ప్యాడ్ కూడా జరిపిపెట్టాడు, అవసరం లేకపోయినా.

"అయ్యా," అన్నాడు జెండాయన. "ఎవరూ చూడని జెండా పొరపాటని మీరెలా చెప్పగలరు? నీలమన్నారు, పసుపన్నారు, ఆకుపచ్చన్నారు. ఎరుపూ తెలుపూ అన్న మనిషి ఒక్కరూ లేరు. నేను వాయిదా వేశాను, ఎందుకంటే గీత లేదు. మీరు లేని గీత దాటి గెలిచారు. నాకు ఉద్యోగం కావాలి. నిన్న రాత్రి సంతకం పెడదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? కానీ ఇది రాసిస్తే నేను ఇరవై ఆరేళ్ళు బట్టలారేశానని రాసిచ్చినట్టే."

కాగితం అలాగే బల్ల మీద పెట్టి, కలం జేబులో పెట్టుకుని, బయటికి నడిచాడు.

తీర్పు రాయడానికి కార్యదర్శికి నాలుగు గంటలు పట్టింది. 'శ్రవణ విభాగంలో' కప్పు అధ్యక్షులవారికీ, 'దృశ్య విభాగంలో' డాక్టరుగారికీ ఇవ్వడమైనది అని తేల్చాడు. కప్పుకి చెవులు రెండున్నాయి కనక ఆరేసి నెలలు ఉంచుకోవచ్చునని అనుబంధం కూడా జతచేశాడు. జెండాయనకి శాలువా ఇంటికి పంపించారు. ఆయన భార్య దాన్ని విప్పి చూసి, "కుట్టు చవకది" అని పక్కన పడేసింది.

తర్వాతి ఆదివారం యంత్రం మోగింది. పధ్నాలుగు పడవలు వెళ్ళాయి. పదిహేనోది కదల్లేదు. డాక్టరమ్మ బోడి స్తంభాన్ని గంటసేపు చూసి, ఒడ్డుకొచ్చి, జెండా ఎగరలేదు కాబట్టి పందెం మొదలవలేదని కాగితం రాసిచ్చింది. ఆపై ఆదివారమూ అంతే. మూడో ఆదివారానికి, ఆవిడ కాగితాలు అందిన పడవ పందేల సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. పుస్తకం ప్రకారం జరగని పందేలకి గుర్తింపు ఉండదట. అధ్యక్షుడి కోటు మీది బిళ్ళ ఆ సమాఖ్య ఇచ్చిందే. ఇక కార్యదర్శిని తోడల్లుడి ఇంటికి పరిగెత్తించక తప్పలేదు.

"ఒక్క డాక్టరమ్మ కోసం రావాలన్నయ్యా," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "మిగతావాళ్ళకి యంత్రం చాలు."

"యంత్రం ఉంటే ఆయన రారు," అంది వదినగారు, మొగుడు నోరు తెరిచేలోపే. "బూర ఆయన చేతికివ్వండి. ఇంకోమాట. అందరూ తలెత్తి చూడాలి. చూడనివాళ్ళని ఇంటికి పంపించండి."

ఆ ఆదివారం నోటీసుబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'ప్రతి సభ్యుడూ జెండా చూడవలెను.'

జెండాయన అధికారుల పడవెక్కాడు. పెట్టె తెరిచాడు. తల పైకెత్తాడు. పదిహేను పడవలూ కొంగల్లా మెడలు సాచి ఆయన్నే చూస్తున్నాయి. ఒకాయన దుర్భిణి కూడా తెచ్చాడు. స్నానం చేస్తుంటే ఎవరో తలుపు తీసినట్టయింది ఆయనకి. ఇరవై ఆరేళ్ళలో కళ్ళు మూసుకుని కూడా తప్పని చెయ్యి, ఆ రోజు ముప్ఫై కళ్ళ ముందు, పెట్టెలోంచి పక్క మడత అందుకుంది. తాడు లాగాడు, బూర నొక్కాడు.

పైన నీలం తెలుపు గళ్ళది ఎగిరింది. రద్దు.

పధ్నాలుగుమందీ దాన్ని చాలా భక్తిగా చూశారు. చూసి, గడియారాల మీద అయిదు నిమిషాలు పెట్టుకున్నారు. డాక్టరమ్మ ఒక్కతే చూసి, ఆశ్చర్యపోయి, ఆలోచించి, చివరికి తెరచాప తిప్పుకుని ఒడ్డు దారి పట్టింది.

"ఆవిడ వెళ్ళిపోతోందేమిటి?" అని అరిచాడు అధ్యక్షుడు తన పడవలోంచి. "మేం చూస్తూనే ఉన్నాం కదా! ఏమయ్యా, ఇంతకీ అదేం జెండా?"

ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. జెండాయన పైకి చూశాడు, కిందికి చూశాడు. వీళ్ళంతా తెలియనివాళ్ళే, దించేసి ఇంకొకటి ఎత్తినా ఎవరికీ అనుమానం రాదు. పక్కన కార్యదర్శి "దించేయండన్నయ్యా, దించేయండి" అని గొణుగుతున్నాడు.

"రద్దు జెండా అండీ!" అని జెండాయన గొంతు చించుకుని అరిచాడు. "పొరపాటున ఎత్తాను! పొరపాటు నాదే! ఎత్తాక ఇక అది చెప్పిందే చెల్లుతుంది, అందరూ ఇళ్ళకి వెళ్ళండి!"

తర్వాత తోడల్లుడి వైపు తిరిగి, సంతకం పెట్టని ఆ పొరపాటు కాగితం ఇంకా ఉంటే ఇటివ్వమన్నాడు, 'వాయిదా' కొట్టేసి 'రద్దు' అని రాసుకోవడానికి.